ఏప్రిల్ 4 ఎవరి తారీఖు?

ఏప్రిల్ వచ్చిందంటే మన పేటల్లో పని మొదలవుతుంది. విగ్రహాలకి రంగులు, జెండాలకి నీలం గుడ్డ, మైకుసెట్టుకి అడ్వాన్సు, ఊరేగింపుకి పోలీసు పర్మిషను. 5న బాబూ జగ్జీవన్ రామ్ పుట్టినరోజు, 11న మహాత్మా ఫూలే, 14న బాబాసాహెబ్. ఈ మూడు తారీఖులూ ఇప్పుడు మన బళ్ళో పిల్లల్ని నిద్రలేపి అడిగినా చెబుతారు. ఇవి మనకి ఎవరూ దానంగా ఇచ్చినవి కావు. గోడకి వేలాడే క్యాలెండర్లో తిథి ఉంటుంది, వర్జ్యం ఉంటుంది, రాహుకాలం ఉంటుంది. మన మనుషులు పుట్టిన రోజులు, మన మనుషుల్ని చంపిన రోజులు మాత్రం మనమే పెన్నుతో రాసుకుంటూ వచ్చాం.

ఈ సంచికలో ఇంకో తారీఖు రాసుకోమని అడుగుతున్నాం. జగ్జీవన్ రామ్ జయంతికి ముందురోజు, ఏప్రిల్ 4.

ఆ రోజు మన జిల్లా పుట్టింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. తూర్పు గోదావరి నుంచి విడిపోయి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. రాజమండ్రి వైపు నుంచి గౌతమి వంతెన దిగగానే మన రావులపాలెం, ఆ జిల్లాకి గుమ్మం. అరటి గెలల లారీలు రోజూ ఈ గుమ్మం దాటే పోతాయి.

బిడ్డ పుట్టింది గాని మనం అడిగిన పేరు పెట్టలేదు. ఆ బారసాలకి ఎంత ఖర్చయిందో మీకు తెలుసు. మే నెలలో ప్రభుత్వం జిల్లాకి అంబేద్కర్ పేరు చేరుస్తామని నోటిఫికేషన్ ఇచ్చింది. మే 24న అమలాపురం తగలబడింది. ఒక దళిత మంత్రి ఇల్లు, ఒక బీసీ ఎమ్మెల్యే ఇల్లు, బస్సులు కాల్చారు. రోజుల తరబడి ఫోన్లలో ఇంటర్నెట్ ఆపేశారు. జూలైలో మన మండలంలోనే, గోపాలపురంలో, అంబేద్కర్ బొమ్మ అచ్చేసిన కాగితపు ప్లేట్లలో తినుబండారాలు పెట్టడమేమిటని అడిగిన దళిత కుర్రాళ్ళ మీదే కేసులు పెట్టి జైలుకి పంపారు. ఆగస్టులో తుది గెజిట్ వచ్చి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. రాజ్యాంగం రాసిన మనిషి పేరు ఒక బోర్డు మీద రాయడానికి ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పట్టింది.

మొన్న ఒక పేటలో మాట్లాడుకుంటుంటే ఒక కుర్రాడు అడిగాడు: "జిల్లా పుట్టినరోజు మనం చెయ్యాలా అండి? ఆ రోజు మన పేరు లేదు కదా?" అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూ మేము అదే తారీఖుని లోకంలో ఇంకోచోట చూశాం.

అమెరికాలో మెంఫిస్ అనే ఊరు. 1968 ఫిబ్రవరి 1న వాన పడుతోంది. ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు తడవకుండా చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కారు. చెత్తని నలిపే యంత్రం దానంతటదే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. చెత్తతో పాటు మనుషులు నలిగిపోతే ఆ ఊరి పెద్దలకి పెద్ద సంగతిగా తోచలేదు. ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది కార్మికులు పని ఆపేశారు. మెడలో అట్టలు కట్టుకుని వీధుల్లోకి వచ్చారు. వాటి మీద రాసుకున్నది ఒకటే మాట: నేను మనిషిని. కూలి పెంచమని అడగడానికి ముందు వాళ్ళు ఆ మాట చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ సంగతి మనకి ఎవరైనా విడమర్చి చెప్పాలా?

ఆ సమ్మెకి అండగా వెళ్ళినవాడు మార్టిన్ లూథర్ కింగ్. అప్పటికే నోబెల్ బహుమతి అందుకున్నవాడు. అంతటివాడు చెత్త ఊడ్చేవాళ్ళ కోసం ఆ ఊరు ఎందుకెళ్ళాలి అనుకున్నవాళ్ళు లేకపోలేదు. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం లోరైన్ మోటెల్ అనే చిన్న లాడ్జి వసారాలో నిలబడి ఉండగా తుపాకీతో కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 39. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1967 ఏప్రిల్ 4నే, న్యూయార్క్‌లో రివర్‌సైడ్ చర్చిలో నిలబడి వియత్నాం యుద్ధం తప్పన్నాడు. పేదల నోటికాడ కూడు యుద్ధానికి పోస్తున్నారన్నాడు. అంతకు ముందు మెచ్చుకున్న పత్రికలే ఆ మాటతో తిట్టాయి. దణ్ణం పెట్టి ఊరుకునే నల్లవాడంటే అందరికీ ఇష్టమే. లెక్క అడిగే నల్లవాడితోనే చిక్కు.

సమ్మె ఓడిపోలేదు. ఏప్రిల్ 16న నగర పాలకులు యూనియన్‌ని గుర్తించి, కూలి పెంచి ఒప్పందానికి వచ్చారు. అంతకు అయిదు రోజుల ముందు, ఏప్రిల్ 11న, ఇళ్ళ అమ్మకం, అద్దెల్లో రంగు వివక్ష కూడదనే చట్టం మీద అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టాడు. ఏప్రిల్ 11 మన ఫూలే పుట్టినరోజు. ఆ ఫూలే 1873లో రాసిన గులాంగిరీ పుస్తకాన్ని, బానిసల విడుదల కోసం నిలబడిన అమెరికా జనానికే అంకితమిచ్చాడు. తారీఖులు కలవడం కాకతాళీయమే. మనుషులు కలవడం కాదు. 1946లో బాబాసాహెబ్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. ఐక్యరాజ్యసమితి ముందు నల్లవాళ్ళు పెడుతున్న అర్జీ గురించి అడిగాడు, జవాబూ వచ్చింది. 1959లో కింగ్ మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళ్ళాడు. అక్కడి హెడ్మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడని పరిచయం చేశాడు. కింగ్ ముందు నొచ్చుకున్నాడు. తర్వాత తన దేశంలో తనవాళ్ళ బతుకు తల్చుకుని, అవును, నేనూ అంటరానివాడినే అనుకున్నాడు. ఆ సంగతి తర్వాత తన చర్చిలో తనే చెప్పాడు.

అదే ఏప్రిల్ 4 ఇంకొకరి పుట్టినరోజు కూడా. నల్లజాతి రచయిత్రి మాయా ఏంజెలో 1928లో ఆ రోజే పుట్టింది. కింగ్ ఉద్యమంలో పనిచేసిన మనిషి. ఆయన్ని చంపిన రోజుకి ఆమెకి నలభై నిండాయి. ఇంట్లో విందుకి సిద్ధమవుతుండగా కబురొచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె పుట్టినరోజు చేసుకోలేదు. ఆ రోజున కింగ్ భార్య కొరెట్టాకి పువ్వులు పంపేది. కొరెట్టా 2006లో పోయేదాకా పంపింది. కానీ ఏడుస్తూ కూర్చోలేదు. మరుసటి ఏడాదే, 1969లో, తన చిన్నతనపు బతుకుని దాపరికం లేకుండా పుస్తకంగా రాసింది. దాన్ని లోకమంతా చదివింది.

కుర్రాడి ప్రశ్నకి జవాబు మాకు ఇక్కడ దొరికింది. ఒక తారీఖులో సంతోషం, దుఃఖం రెండూ ఉంటే ఒకదాన్ని చెరిపెయ్యనక్కర్లేదు. రెండూ గుర్తుంచుకుని ఆ రోజు ఒక పని చెయ్యాలి. కేకు కొయ్యడం పని కాదు.

ఏం పని? ఇక్కడ మనల్ని మనం కూడా అడుక్కోవాలి. ప్లేటు మీద అంబేద్కర్ బొమ్మ వేస్తే మన రక్తం మరిగింది, మరగాలి. కానీ 14న జయంతి భోజనాలయ్యాక మైదానంలో పడున్న ప్లేట్లు ఎత్తేది ఎవరు? మర్నాడు తెల్లవారుజామున చీపురు, బండి పట్టుకుని వచ్చేది ఎవరు? మన రెల్లి అక్క, మన మాదిగ తమ్ముడు. ఊరేగింపులో ముందు వరసలో ఆళ్ళు కనబడతారా? స్టేజి మీద కుర్చీ ఉందా? వర్గీకరణ గురించి మనలో మనకి వాదాలున్నాయి. ఆ వాదంలో ఎవరు ఎటున్నా, ఏడాదిలో ఒక్కసారైనా రెల్లి పేటకి వెళ్ళి మంచం మీద కూర్చుని మాట్లాడామా? మమ్మల్ని మేము కలుపుకునే అడుగుతున్నాం.

చట్టాలు లేక కాదు. పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకోటి వచ్చాయి. మురుగు కాలవలో దిగి చనిపోతే కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఈ పోరాటం నడిపినవాళ్ళలో ముందున్న బెజవాడ విల్సన్ కోలారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టినవాడే. 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. చట్టం కాగితం మీద ఉంటుంది. దాన్ని ఊళ్ళోకి తీసుకొచ్చేది అడిగే మనిషి.

అందుకని ప్రతి ఊరి కార్యకర్తలకీ మా మాట ఇది. ఏప్రిల్ 4 సాయంత్రం పేటలో కూర్చోండి. మైకులు వద్దు, టెంటు వద్దు. మీ పంచాయతీలో ఊడ్చేవాళ్ళని, కాలవలు తీసేవాళ్ళని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఆళ్ళని మాట్లాడనివ్వండి. జీతం నెలనెలా వస్తుందా, ఎన్ని నెలలు బాకీ, చేతులకి గ్లౌజులు ఇచ్చారా, కాళ్ళకి బూట్లు ఇచ్చారా, పీఎఫ్ కోస్తున్నారా, కోసింది కడుతున్నారా, వంట్లో బాగోపోతే సెలవుందా? ఒక నోటుపుస్తకంలో పేరుపేరునా రాయండి. 14న దండలు వేసేముందు ఆ కాగితం మైకులో చదవండి. సర్పంచ్ వస్తే సర్పంచ్ చేతిలో, ఎమ్మెల్యే వస్తే ఎమ్మెల్యే చేతిలో పెట్టి, తేదీ అడగండి. ఇంకో మాట. ఆ రోజు మన ప్లేట్లు మనమే ఎత్తుదాం. ఉపన్యాసం చెప్పినవాళ్ళు ముందు వంగాలి.

పేరు కోసం మనం పోరాడాం, పేరు వచ్చింది. ఇప్పుడు ఆ పేరున్న జిల్లాలో ఒక మనిషి వట్టి చేతుల్తో కాలవలో దిగితే ఆ పేరుకి ఏం విలువ? మెంఫిస్ వీధుల్లో మెడలో కట్టుకున్న ఆ అట్టని మన జిల్లాలో ఎవరూ కట్టుకోనక్కర్లేని రోజు రావాలి. అప్పుడు చేద్దాం జిల్లా పుట్టినరోజు, డప్పు కొట్టి మరీ చేద్దాం.

జై భీం.