కొల్లేరు చూడొచ్చినవారి సంచిలోకి ఏం వెళ్తోంది?

ఏలూరు జిల్లా కలెక్టర్ గారికి,

చలికాలంలో ఆటపాక గూడబాతుల కోసం, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు దూరాభారమైనా జనం వస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు ఇక్కడిదంటూ ఏదైనా కొనుక్కోవాలనుకుంటారు. కళ్లెదుట ఉండేవి ఎక్కడైనా దొరికే ప్లాస్టిక్ బొమ్మలు.

ఇక్కడి సరుకే అయిన ఎండుచేపల దగ్గర ధర రాసి ఉండదు. కొందరు సరిగా ఎండని చేపకు ఉప్పు దట్టించి తూస్తారు. వంచితే మెత్తగా వంగుతుంది, వేళ్లకు తడి తగులుతుంది. ఆ తడికీ చేప ధరే! ఇంటికెళ్లాక బూజు పడుతుంది. ఒకసారి మోసపోయినవారు మళ్లీ కొనరు. నష్టపోయేది శుభ్రంగా ఎండబెట్టి అమ్మే లంక గ్రామాల ఆడవాళ్లు.

ఏలూరు తివాచీ పేరుతో మిషన్ సరుకు అంటగట్టినా కొత్తవారికి తెలియదు. తిరగేసి చూస్తే చేతిపనిలో ముడులు వెనక కనిపిస్తాయి, కుచ్చులు పడుగు దారాలే. మిషన్‌దానికి కుచ్చులు సాధారణంగా విడిగా కుట్టి ఉంటాయి. ఇంతమాత్రం అమ్మేచోట బోర్డు మీద రాయించడానికి ఎంత ఖర్చు?

2022లో కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చాక చేపా, తివాచీ రెండూ మీ పరిధిలోవే. ఆటపాకలోనూ కొల్లేటికోట గుడి దారిలోనూ డ్వాక్రా సంఘాలకు, తివాచీ నేతగాళ్లకు చోటు ఇప్పించండి. కొల్లేరు అభయారణ్యం కనుక కట్టడాలు వద్దు, పందిళ్లు చాలు. తెలుగులో ధరల పట్టిక, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాటా తప్పనిసరి చేయండి. వచ్చే జాతరకు ముందే ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఏలూరు పౌరుడు