మెషీన్ కీ మార్పిడి

మెషీన్ కీ అనునది మైక్రోసాఫ్ట్ వారి ఏఎస్‌పీ.నెట్ సాంకేతికతతో నిర్మించిన వెబ్ అనువర్తనములు వాడు రహస్య సంకేతము. పాత సంకేతమును తొలగించి కొత్తదానిని సృష్టించుటను మెషీన్ కీ మార్పిడి అందురు. 2025 జూలైలో షేర్‌పాయింట్ సర్వర్లపై జరిగిన దాడులతో ఈ విషయము ప్రాధాన్యము సంతరించుకొన్నది. లోపమును సరిదిద్దినంత మాత్రమున రక్షణ పూర్తి కాదని ఆ సంఘటన తెలియజేసినది.

పని చేయు విధానము

ఏఎస్‌పీ.నెట్ పుటల స్థితిని తెలుపు సమాచారమును వ్యూస్టేట్ అందురు. సర్వరు దీనిని పుటతో పాటు బ్రౌజరుకు పంపి, తిరిగి స్వీకరించును. మధ్యలో ఎవరును మార్చకుండ దానిపై ఒక ముద్ర వేయును. మెషీన్ కీలో రెండు భాగములు కలవు. ముద్ర వేయుటకు, సరిచూచుటకు వాడునది వాలిడేషన్ కీ. సమాచారమును గూఢలిపిలోనికి మార్చుటకు, తిరిగి విప్పుటకు వాడునది డిక్రిప్షన్ కీ. ముద్ర సరిపోయినచో సర్వరు ఆ సమాచారమును తనదిగనే నమ్మును. కావున కీ తెలిసినవాడు హానికర సమాచారముపై సరియైన ముద్ర వేసి పంపి, సర్వరుపై తన ఆదేశములను నడిపింపగలడు.

కీ ఉండు చోటు

అనువర్తనము కంపైల్ చేయబడినను, మెషీన్ కీని సాధారణముగా వెబ్.కాన్ఫిగ్ అను ఫైలులో విడిగా ఉంచుదురు. అందువలన మరల కంపైల్ చేయకయే దానిని మార్చవచ్చును. రహస్యమును ప్రోగ్రాములోనే వ్రాసినచో, మార్చిన ప్రతిసారి మరల కంపైల్ చేసి అన్ని సర్వర్లలోను స్థాపింపవలెను. పైగా కంపైల్ అయిన ఫైలు నుండి అట్టి రహస్యమును వెలికితీయుట నిపుణులకు కష్టము కాదు.

2025 దాడులు

2025 మే నెలలో బెర్లిన్‌లో జరిగిన పోన్‌టుఓన్ పోటీలో షేర్‌పాయింట్ లోపములు ప్రదర్శింపబడినవి. మైక్రోసాఫ్ట్ జూలై 8న సవరణలు విడుదల చేసినది. వానిని తప్పించుకొను మార్గమున అదే నెలలో విస్తృత దాడులు జరిగినవి. ఈ కొత్త లోపమునకు సీవీఈ-2025-53770 అను సంఖ్య ఇవ్వబడినది. దాడి చేసినవారు సర్వరులో ఒక చిన్న పుటను చేర్చి, దాని ద్వారా మెషీన్ కీలను చదివిరి. సంస్థలు స్వయముగా నడుపుకొను సర్వర్లకే ఈ ముప్పు ఏర్పడినది. షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌కు ఏర్పడలేదు. సవరణతో పాటు కీలను మార్చి, ఐఐఎస్‌ను పునఃప్రారంభింపవలెనని మైక్రోసాఫ్ట్ సూచించినది.

విశ్లేషణ

దొంగ పగులగొట్టిన తలుపును బాగుచేయించినను, అతని చేతిలో మారుతాళము ఉన్నంత వరకు ఇంటికి రక్షణ లేదు. సవరణ తలుపు వంటిది, కీ మార్పిడి తాళము మార్చుట వంటిది. ముందు సవరణ చేసి, పిమ్మట కీ మార్చుట సరియైన క్రమము. లేనిచో కొత్త కీ కూడ దొంగల పాలగును.

దొంగతనము జరుగకున్నను కీ బయటపడవచ్చును. అంతర్జాలములో బహిరంగముగా లభించు 3,000కు పైగా కీలను గుర్తించినట్లు మైక్రోసాఫ్ట్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించినది. సైట్‌కోర్ సంస్థ పాత మార్గదర్శక పత్రములలో ఉదాహరణగా ఇచ్చిన కీని కొందరు అట్లే వాడుటచే జరిగిన దాడి అదే సంవత్సరము సెప్టెంబరులో వెల్లడియైనది.

మార్పిడిలో ఇబ్బందులు లేకపోలేదు. పలు సర్వర్లు కలసి పని చేయుచోట అన్నిటిలోను ఒకే కీ ఉండవలెను. పాత కుకీలు చెల్లక వాడుకరులు మరల లాగిన్ కావలసివచ్చును. పాత కీతో గూఢలిపిలో దాచిన సంకేతపదములు ఉన్నచో, వానిని ముందుగనే కొత్త పద్ధతికి మార్చుకొనవలెను. ఈ భయముతోనే పలువురు మార్పిడిని వాయిదా వేయుదురు. కాని కీ పరుల చేతికి చిక్కిన పిదప వాయిదా వేసిన ప్రతి దినము వారికే లాభము.

ఇవి కూడా చూడండి

గూఢలేఖనము
కంప్యూటరు భద్రత
వెబ్ సర్వరు