పాచికకు వెనకటి పందెం గుర్తుండదు

ఫోన్‌లో లూడో ఆడే పిల్లలున్న ఇంట్లో రోజుకొక్కసారైనా వినబడే మాట ఒకటుంది: “అమ్మా, ఇది తొండి! నాకు ఆరు రానివ్వటం లేదు!” ఫోన్ లోపల పాచిక లేదు, విసిరే చెయ్యీ లేదు. మరి ఆ అంకె ఎక్కణ్ణించి ఊడిపడుతోందని మీకూ అనిపించే ఉంటుంది.

మా ఆడపడుచు కూతురు వడ్డాది నుంచి చోడవరం వెళ్లి డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్ పాఠాల్లో మొదట్లోనే ఈ పాచికల లెక్క రాయించారట. పని తెమిలాక పక్కన కూర్చుని చూశాను. పైథాన్ అనే భాషలో రెండు మూడు లైన్లే! ముందు ‘రాండమ్’ని తెమ్మనాలి. తరువాత ‘రాండింట్’ అని రాసి, బ్రాకెట్లో 1, 6 వెయ్యాలి. అంతే, పందెం పడుతుంది.

లోపల జరిగేది మాత్రం లెక్కే. ఒక పెద్ద అంకెను తిప్పి, మెలిపెట్టి ఇంకో అంకె చేస్తుంది, దాన్నించి మరొకటి. మొదలుపెట్టే అంకెను ‘సీడ్’ అంటారు, అంటే విత్తనమే. అదే విత్తనం మళ్లీ వేస్తే అవే పందేలు అదే వరుసలో పడతాయి! మనం ఇవ్వకపోతే ప్రతిసారీ అదే కొత్తది తీసుకుంటుంది. కనక మనం ఊహించలేం.

అరవై పందేలు వేయించాం. ఒక్కో అంకె పదేసి సార్లు రావాలి కదా? ఆరు 6 సార్లే వచ్చింది, మూడు 14 సార్లు. “పిల్లలన్నది నిజమేనేమో” అన్నాను. అది నవ్వి 6,000 పందేలు వేయించింది. రెప్పపాటులో అయిపోయింది. అన్నీ వెయ్యికి కాస్త అటూ ఇటూ. (డబ్బు కట్టించుకునే ఆటల్లో రాసినవాడు ఆరుకి అడ్డం పెట్టాడో లేదో మనకి కనబడదు, ఆ సంగతి వేరు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం అలాంటి ఆటల్ని నిషేధించింది కూడాను.)

వరసగా పది పందేల్లో ఒక్క ఆరూ పడకపోవటం వింతేం కాదు. నూటికి 16 సార్లు అలా జరుగుతుంది. సరే, పదకొండో పందెంలో ఆరు పడి తీరాలా? అక్కర్లేదు. అప్పుడూ ఆరింట ఒక వంతే.

ఇదంతా మనకెందుకంటారా? “మూడు కాన్పులూ ఆడపిల్లలే, ఈసారి తప్పకుండా మగపిల్లాడే” అనే మాట ఎన్ని ఇళ్లలో వినలేదు మనం? ఒంట్లో రక్తం లేకపోయినా ఆ మాట మీద నాలుగో కాన్పుకి సిద్ధపడ్డ వాళ్లని చూడలేదా? నాలుగోసారీ ఇంచుమించు సగానికి సగమే అవకాశం. ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమ్. మాటలు పడేది మాత్రం కోడలు!

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు (1920-2023) తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో సంచిలోంచి తీసిన నల్ల, తెల్ల పూసల వరసనీ, ఆసుపత్రిలో పుట్టిన ఆడ, మగ బిడ్డల వరసనీ పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ ఒక్కలాగే ఉంటాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఆ పుస్తకంలో తలుచుకున్నారు.

మీ పిల్లలు ఈ పాఠం రాస్తుంటే ఒక్కటి గమనించండి. రెండు పాచికలకి 2 నుంచి 12 లోపు ఒక అంకె తెమ్మని రాసేస్తారు. అది తప్పు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 7 ఆరు రకాలుగా వస్తుంది, 12 ఒక్క రకంగానే. కాబట్టి రెండుసార్లు విడివిడిగా వేసి కలపాలి. గవ్వలకైతే ఇదీ చాలదు. వెల్లకిలా, బోర్లా సమానంగా పడవు కదా! ముందు మీ గవ్వని వందసార్లు విసిరి లెక్క రాసిస్తే, ఆ లెక్కే కంప్యూటర్‌కి చెప్పుకుంటారు.