నిప్పును నిషేధించిన అడవి

"అడవికి శత్రువులెవరు?" అని తరగతిలో అడిగితే, పిల్లలు గొడ్డలి తరువాత చెప్పే పేరు నిప్పు. అమెరికా ప్రభుత్వం కూడా చాలాకాలం అలాగే అనుకుంది.

19వ శతాబ్దంలో అక్కడి కలప వ్యాపారులు అడవులను ఇష్టం వచ్చినట్టు నరికారు. చివరకు 1891లో, ప్రభుత్వ భూముల్లోని అడవులను రక్షిత అడవులుగా ప్రకటించే అధికారం దేశాధ్యక్షునికి ఇస్తూ చట్టం వచ్చింది. 1905లో థియోడర్ రూజ్‌వెల్ట్ హయాంలో అటవీశాఖ ఏర్పడింది. దాని మొదటి అధిపతి గిఫర్డ్ పించో. అడవిని తరిగిపోకుండా వాడుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. ఇంతవరకు మంచి పనే. ప్రభుత్వం కలుగజేసుకోకపోతే చాలాచోట్ల మోళ్ళే మిగిలేవి.

1910 ఆగస్టులో ఐడహో, మోంటానా ప్రాంతాల్లో కార్చిచ్చు రేగి, రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. 80 మందికి పైగా చనిపోయారు. శాఖ బెదిరిపోయింది. 1935లో ఒక నియమం పెట్టారు: ఎక్కడ నిప్పు కనబడినా మరునాటి ఉదయం 10 గంటలలోగా ఆర్పివేయాలి!

ఇక్కడే నా అభ్యంతరం. గడియారం చూసి ఆర్పమన్నారు గాని, ఆ అడవిలో నిప్పు చేసే పనేమిటో చూడలేదు. కాలిఫోర్నియాలోని సెకోయా మహావృక్షాన్నే తీసుకోండి. దాని బెరడు రెండడుగుల దాకా మందం ఉంటుంది. చిన్న మంటలు దాన్నేమీ చేయలేవు. పైగా ఆ వేడికి దాని కాయలు ఎండి, విచ్చుకుని, గింజలు రాలుస్తాయి. నేలమీది ఆకుల దుప్పటి కాలి మట్టి బయటపడితేనే ఆ బుల్లి గింజ వేరు దిగుతుంది. మొలకకు ఎండ కూడా కావాలి. మంటలు ఆపిన తోపుల్లో పెద్దచెట్లు నిలిచాయి, మొలకలు కరువయ్యాయి. నీడలో బతకగల ఫర్ చెట్లు కిందంతా దట్టంగా లేచాయి. ఎండుపుల్లలు పోగుపడ్డాయి. అక్కడి ఆదివాసులు తరతరాలుగా అడవిలో చిన్న మంటలు పెట్టేవారు. వాళ్ళనడిగితే చెప్పేవారే! అడగకపోగా, వాళ్ళ పద్ధతినే నేరమన్నారు.

జాతీయ పార్కుల సంస్థ 1968లో, అటవీశాఖ 1978లో తమ పాత విధానాన్ని మార్చుకున్నాయి. అప్పటికే ఆలస్యమైంది. 2020, 2021 సంవత్సరాల కార్చిచ్చుల్లో వేలకొద్దీ సెకోయా వృక్షాలు చనిపోయాయి. కరువూ, పెరిగిన ఎండలూ కారణమే. కాని కింద పెరిగిన చెట్లను నిచ్చెనగా చేసుకుని మంట కొమ్మలదాకా ఎక్కింది.

అన్ని అడవులకూ నిప్పు మేలు చేస్తుందనుకుని అగ్గిపెట్టె పట్టుకోకండి. చిత్తడి అడవుల సంగతి వేరు. ఇప్పుడు ఆ తోపుల్లో సిబ్బందే గాలినీ, తేమనూ కొలిచి చిన్న మంటలు పెడుతున్నారు. పని నెమ్మదిగా సాగుతోంది. పోగుపడిన పుల్లలు నూరేళ్ళవి మరి!