రాత కూలి

పత్రికలు రచయితకిచ్చే డబ్బుని పారితోషికం అంటాయి. పరితోషం అంటే సంతోషం. అంటే ఇచ్చేవాడు మెచ్చుకుని చేతిలో పెట్టే బహుమానం అన్నమాట. నాట్లు వేసిన మనిషికి ఇచ్చేదాన్ని ఎవరూ పారితోషికం అనరు, కూలి అంటారు. కూలి ఎగ్గొడితే నలుగుర్ని పోగేసుకుని వెళ్లి నిలదీయొచ్చు. బహుమానం రాకపోతే ఎవర్ని నిలదీస్తాం? ఇరవై ఎనిమిదేళ్లుగా ఏ ఉద్యోగమూ లేకుండా రాత మీదే బతుకుతున్నాను. మా కష్టాల్లో సగం ఈ ఒక్క మాటలోనే ఉన్నాయని నాకనిపిస్తుంది.

వ్యాసాలు, ఇంటర్వ్యూలు, రేడియో నాటికలు, అనువాదాలు, నా పేరు లేకుండా వేరేవాళ్లకి రాసిపెట్టిన రెండు ఆత్మకథలు - ఇవీ నేను చేసిన పనులు. ఒక నెల మూడు చెక్కులు ఒకేసారి వస్తాయి. ఆ తర్వాత నాలుగు నెలలు ఏమీ ఉండదు. ఇంటి అద్దె మాత్రం ప్రతి నెలా అయిదో తారీఖున ఠంచనుగా వస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో పత్రికలు పేజీలు తగ్గించుకున్నప్పుడు ముందు ఆగిపోయింది బయటివాళ్ల రచనలే. మమ్మల్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఉద్యోగమే లేనివాళ్లని తీసెయ్యాల్సిన పనేముంది, ఫోన్ చెయ్యడం మానేస్తే చాలు.

సంతోషాలు లేవని కాదు. బీడీ కార్మికుల మీద రాసిన వ్యాసాన్ని నిజామాబాద్ జిల్లాలో ఒకామె తన తోటివాళ్లందరికీ చదివి వినిపించిందని తెలిసిన రోజు నేను నిద్రపోలేదు. ఏం రాయాలో, ఏం రాయకూడదో చెప్పే పై అధికారి నాకు లేడు. ఆ స్వేచ్ఛ కోసమే ఈ దారిలోకి వచ్చాను, ఇప్పటికీ వదులుకోను. కానీ స్వేచ్ఛగా ఉన్నందుకు పస్తులుండాలన్న లెక్క ఎవరు పెట్టారు?

"మీరు ఇంట్లోనే ఉంటారుగా" అంటారు. ఈ మాట మనకి కొత్తది కాదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకుని రోజంతా కూర్చుని అల్లే ఆ స్త్రీలని కార్మికులుగా కాక, తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే వాళ్లకి అంత తక్కువ కూలి ఇవ్వగలిగారని ఆమె చూపించింది. ఇంట్లో టేబుల్ దగ్గర కూర్చుని రాసే స్త్రీ సంగతీ అంతే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే రాస్తుంది కాబట్టి అది కాలక్షేపం. ఒకప్పుడు వారపత్రికలు స్త్రీల సీరియల్స్ మీదే నడిచాయి. మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అయినా ఆ రాతలకి దక్కిన బిరుదు వంటింటి సాహిత్యం! అమ్ముకోవడానికి పనికొచ్చింది, గౌరవించడానికి పనికిరాలేదు.

చట్టం ఏమంటోంది? వర్కింగ్ జర్నలిస్టుల కోసం 1955లో వచ్చిన చట్టం ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసమే. దాన్ని కలిపేసుకున్న లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పనిచేసేవాళ్లని గిగ్ కార్మికులు అంది. అందులో మేమూ ఉన్నామని అడగాల్సింది మనమే. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలయింది కానీ, జీతమే లేనివాళ్లకి జీతంతో కూడిన సెలవు ఎక్కడిది? ఒకటి రెండు హక్కులు మాత్రం ఉన్నాయి, వాటినీ మనం వాడుకోవడం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగిగా కాక బయటినుంచి రాసి ఇచ్చిన వ్యాసానికి మొదటి హక్కుదారు రాసిన మనిషే. ఆ హక్కుని బదిలీ చెయ్యాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే చెల్లుతుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కూడా, అక్కడ ఉద్యోగం ఉన్నా లేకపోయినా స్త్రీ ఫిర్యాదు చెయ్యొచ్చు అంటోంది. కథనం ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లిన కొత్త అమ్మాయికి ఈ సంగతి ఎవరు చెప్తారు?

పత్రికల్ని తిట్టడం తేలిక. ఇప్పుడు మన ఇంటి సంగతి చెప్తాను. గృహహింస చట్టం మీద ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ల శిక్షణ పుస్తకం తెలుగు చేశాను, 96 పేజీలు. రెండు నెలలు పట్టింది. ఇంగ్లీషులో రాసిన కన్సల్టెంటుకి రోజు లెక్కన ఇచ్చారు. నాకు పేజీ లెక్కన, అదీ ఎనిమిది నెలల తర్వాత, అందులోనూ సగం. పుస్తకావిష్కరణ హోటల్లో జరిగింది. వచ్చినవాళ్లందరికీ సంచులు, ఫైళ్లు ఇచ్చారు. మిగతా డబ్బు అడిగితే "మీరు మనవాళ్లే కదా, అక్కా" అన్నారు. పరాయిదాన్నయితే ఇచ్చేవారేమో! ఇప్పుడింకో పద్ధతి వచ్చింది. యంత్రంతో అనువాదం చేయించి "కాస్త సరిచూసి పెట్టండి" అని పావు డబ్బుకి పంపిస్తున్నారు. ఆ తెలుగు సరిచూడటం కంటే మొదట్నుంచీ రాయడమే సుఖం.

2023 డిసెంబరులో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు. మాకిచ్చేది గౌరవవేతనం కాదు, వేతనం కావాలన్న వాళ్ల వాదనని మనందరం సమర్థించాం. ఆ సమర్థన కరపత్రాన్ని తెలుగులో రాసిచ్చిన మనిషికి గౌరవవేతనం ఇవ్వడం కూడా మర్చిపోయే సంస్థలు మనలో లేవా?

"ఉద్యమానికి రాసినదానికి కూడా డబ్బా?" అంటారని తెలుసు. ఈ వ్యాసానికి నేను డబ్బు తీసుకోవడం లేదు. ఇక్కడ ఎవరూ తీసుకోవడం లేదు కాబట్టి, అందరం కలిసి మోస్తున్న బరువు కాబట్టి. డైరెక్టరుకి జీతం, డ్రైవరుకి జీతం, రాసినదానికి మాత్రం దండం - దాన్ని ఉద్యమం అనకండి. పైగా ఉచితంగా ఎవరు రాయగలరు? భర్త జీతమో, కాలేజీ ఉద్యోగమో, తండ్రి ఇచ్చిన ఇల్లో ఉన్నవాళ్లు. ఒంటరి స్త్రీ ఎన్నాళ్లు రాస్తుంది? వాళ్లమ్మ కూలికి వెళ్తే చదువుకున్న దళిత అమ్మాయి, ట్యూషన్లు చెప్పుకుని ఇల్లు నడిపే ముస్లిం అమ్మాయి ఎన్ని ఉచిత వ్యాసాలు రాసి నిలబడగలరు? వాళ్లు నాలుగు రాసి మానేస్తారు. ఆ తర్వాత మనం సదస్సు పెట్టి "అట్టడుగు స్త్రీల గొంతు ఎందుకు వినబడటం లేదు" అని చర్చిస్తాం, భోజన విరామంతో సహా.

ఎంత ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో పని మొదలుకాకముందే కాగితం మీద రాసివ్వండి. అనువాదకురాలి పేరు లోపలి పేజీలో వెయ్యండి. వచ్చే ప్రాజెక్టుకి బడ్జెట్ వేసేటప్పుడు ఫ్లెక్సీ బ్యానరు, టీ, బిస్కెట్ల కింద ఇంకో గీత గీసి 'రాత, అనువాదం' అని రాసి, ఎదురుగా ఒక అంకె వెయ్యండి. నిధులిచ్చేవాళ్లు ఒప్పుకోరంటే సంచులు కొట్టేయండి.