ఆ బల్ల ఎక్కడానికి సిగ్గుపడేవారికి

“మా అత్తగారికి యాభై రెండేళ్లు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే కాన్సరుకు పరీక్ష చేయించుకోమని మా లేడీ డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినరు. ‘ఏ బాధా లేకుండా ఆ బల్ల ఎక్కడమెందుకే?’ అంటారు. నమూనా మనమే తీసి ఇచ్చే పద్ధతి వచ్చిందట కదా, అది నమ్మదగినదేనా?” అని తెనాలి నుంచి ఒక సోదరి అడిగారు.

నమ్మదగినదే. మీ అత్తగారివంటివారు ఇంటింటా ఉన్నారు కూడాను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా తేలలేదు. 2022లో మన దేశంలో ఈ వ్యాధితో పోయినవారు సుమారు 80,000 మంది అని అంచనా. ముందుగా కనిపెడితే రాకుండానే ఆపగల కాన్సరుకు ఇంతమంది బలికావడం ఎంత అన్యాయం! కారణం సిగ్గు ఒక్కటే అనను. పరీక్ష చేసేచోటు దూరం కావడం, ఇంటిపని తెమలకపోవడం, “నాకెందుకు వస్తుందిలే” అనే ధీమా, అన్నీ ఉన్నాయి. అయినా పెద్దవాళ్ల సిగ్గును ఎగతాళి చేస్తే వాళ్లు ఇంకా ముడుచుకుపోతారు.

పాత పరీక్షకు డాక్టరు చెయ్యి ఎందుకు కావలసివచ్చిందో చూడండి. అమెరికాలో స్థిరపడిన గ్రీకు వైద్యుడు పపనికొలావు కనిపెట్టిన “పాప్ స్మియర్” అది. (ఆయన పరిశోధనకు భార్య ఆండ్రోమకి ఏళ్ల తరబడి తన నమూనాలు ఇస్తూ వచ్చింది. పేరు మాత్రం ఆయనదే నిలిచింది!) అందులో ముఖద్వారం మీది కణాలనే తీసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఆ చోటు కంటికి కనబడాలి కాబట్టి బల్ల తప్పదు.

కొత్త పరీక్ష వెతికేది కణాలను కాదు, వైరస్‌ను. ఈ కాన్సరుకు మూలం హెచ్.పి.వి. అనే వైరస్ అని తేల్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వైరస్ జాడ యోనిలోని తడిలో కూడా దొరుకుతుంది. కనుక ముఖద్వారం దాకా చేరనక్కరలేదు. మన చెయ్యే చాలు. మంచి లాబరేటరీలో పి.సి.ఆర్. పద్ధతిలో చూస్తే డాక్టరు తీసిన నమూనాకు ఇది దాదాపు సమానమని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని ఆమోదించింది. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఏ పద్ధతి కావాలో స్త్రీలే ఎంచుకుంటున్నారు. మన మేడ్చల్ పల్లెల్లోనూ ఇటువంటి నమూనాలపై అధ్యయనం జరిగి 2009లో ప్రచురితమయింది.

చేసే విధానం సులువు. చేతులు కడుక్కుని, తలుపు వేసుకుని, ఒక కాలు పీటమీద పెట్టి నిలబడి గాని, గొంతుకు కూర్చుని గాని, మెత్తని చిన్న బ్రష్షును లోపలికి పోనిచ్చి, దానితో ఇచ్చిన కాగితంలో చెప్పినన్నిసార్లు తిప్పి, తీసి గొట్టంలో పెట్టి మూత బిగించాలి. రెండు నిమిషాల పని. లోపల గుచ్చుకుంటుందేమోనని భయపడనక్కరలేదు. బహిష్టు రోజుల్లో మాత్రం వద్దు. గర్భవతులు డాక్టరును అడగకుండా చేయకూడదు.

అసలు చిక్కు ఫలితం వచ్చాక. వైరస్ ఉన్నదంటే కాన్సరు ఉన్నదని కాదు. చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా పాతుకున్నవారిలోనూ అది కాన్సరుగా మారడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అందుకే ముందు కనిపెట్టడం సాధ్యమవుతున్నది. కాని వైరస్ ఉన్నవారు ఇక సిగ్గు పక్కన పెట్టి డాక్టరుచేత ముఖద్వారం చూపించుకోవాలి. అక్కడ చెడు మార్పు కనబడితే చాలామందికి ఆపరేషను లేకుండానే, వేడితోనో చలితోనో ఆ భాగాన్ని మాడ్చివేస్తారు. ఫలితం కాగితాన్ని బీరువాలో చీరల కింద దాచేస్తే పరీక్ష చేయించుకోనట్టే.

మరొక మాట, కొంచెం నాజూకైనది. ఈ వైరస్ దాంపత్య సంబంధం వల్ల సోకేదే. అలాగని ఫలితం చూసి ఒకరినొకరు అనుమానించుకోవడం తెలివితక్కువ. ఎప్పుడో సోకినది ఏళ్ల తరబడి అణిగి ఉండవచ్చు. ఎవరినుంచి, ఎప్పుడు అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

ముప్పై దాటిన స్త్రీలు ఈ వైరస్ పరీక్షను అయిదు నుంచి పదేళ్లకొకసారి చేయించుకోవాలంటారు. ఇంతవరకూ ఒక్కసారీ చేయించుకోలేదు కాబట్టి మీ అత్తగారికి యాభై రెండు దాటాయని మానవద్దు. నమూనా మనమే తీసుకునే ఏర్పాటు అన్ని ఊళ్లలో ఇంకా లేదు. మీ డాక్టరుగారినే అడగండి. అది దొరికేదాకా ఊరుకోకుండా, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ద్రవం రాసి చూసే పరీక్ష ఉంటుంది, అదైనా చేయించండి.

బహిష్టులు ఆగిపోయాక మళ్లీ రక్తం కనబడినా, నెల మధ్యలో గాని భర్తతో కలిసిన తరువాత గాని రక్తం కనబడినా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా, ఈ బ్రష్షు జోలికి పోవద్దు. ఆ వారంలోనే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి.