ముద్ర పడినంతనే హక్కు కలుగునా?

పామర్రు కూడలి నుండి బందరు, గుడివాడ, విజయవాడ, చల్లపల్లి వైపులకు పోవు దారుల వెంబడి ఎకరముల లెక్కన నమ్మిన మాగాణి నేడు గజముల లెక్కన స్థలములుగా నమ్ముడుపోవుచున్నది. కొనువారు ధరకై నెలల తరబడి బేరమాడుదురు. దస్తావేజు మాత్రము దళారి చూపిన లేఖరిచే ఒక్కపూటలో వ్రాయింతురు. ఇంతకంటె వింత యేమున్నది?

రిజిస్ట్రేషను జరిగినది గనుక భూమి తమదైనదని పెక్కుమంది తలంపు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజుననే చెల్లునని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్న మాట నిజమే. కాని అమ్మువానికి లేని హక్కును ఏ దస్తావేజును కొనువానికి ఈయజాలదు. వ్రాసి యిచ్చినవాడు ఇతడేనా యని సబ్‌రిజిస్ట్రారు విచారించును. భూమి యెవరిదో తీర్పు చెప్పడు. హక్కునకు ప్రభుత్వమే పూచీపడు పద్ధతి దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లోనే వెలసినది. మన రాష్ట్రమున 2022లో భూహక్కుల చట్టమొకటి చేసి, ప్రజలలో భయసందేహములు ప్రబలగా 2024లో రద్దుచేసిరి. కావున పరిశీలన భారము నేటికిని కొనువానిదే.

మా యనుభవమున తరచుగా కానవచ్చు లోపము ఆడపడుచుల సంతకము లేకుండుట. పిత్రార్జితమును అన్నదమ్ములు పంచుకొని యమ్ముదురు. అత్తవారింటికి పోయిన అక్కచెల్లెండ్రను ఎవరును అడుగరు. పసుపుకుంకుమల క్రింద ఇచ్చినది చాలునట! ఆంధ్రప్రదేశమున నాటికి అవివాహితలైన కుమార్తెలకు 1985 సెప్టెంబరు 5 నుండియు, 2005 సవరణతో దేశమంతటను, ఉమ్మడి యాస్తిలో కుమారులతో సమభాగము కలదు. 2005 నాటికి తండ్రి జీవించి యుండవలెనన్న నియమము లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి పూర్వము జరిగిన విక్రయములను మాత్రము ఆ సవరణ కదల్పదు. ఇల్లు కట్టుకొన్న పిమ్మట భాగపు దావా వచ్చిపడినచో, ఋణము చేసి కొన్న గుమాస్తా గతియేమి? ఎన్‌కంబరెన్సు సర్టిఫికెటులో ఈ భాగము కనబడదు. నోటి పంపకమును, రిజిస్టరు కాని వీలునామాయు అందు కనబడవు.

మరి మంచి లేఖరి యెవరు? అందమైన దస్తూరి గలవాడు కాడు, అన్నియు నేనే చూచుకొందునని భుజము తట్టువాడు అసలే కాడు. వచ్చినవానిని తిరిగి పంపగలవాడు. అమ్మువానికి ఆస్తి యెట్లు వచ్చినదో లింకు దస్తావేజులన్నియు తెమ్మనును. కుటుంబ వంశవృక్షము అడుగును. అసైన్డు పట్టాయైనచో 1977 నాటి నిషేధ చట్టమును జ్ఞప్తికి తెచ్చును. 22ఏ జాబితాలో సర్వే నంబరున్నదేమో చూచును. పాత కాగితము చూచి హద్దులు నకలు చేయక, కొలిపించి వ్రాయును. జనరల్ పవరుతో కొనుడని సలహా యీయడు. అట్టి కాగితముతో స్వామిత్వము బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పినది గదా.

స్టాంపు ఖర్చు కొనువాడు భరించి, లేఖరిని అమ్మువాని దళారి యెన్నుకొనుట యెక్కడి న్యాయము? తన మనిషిని తానే చూచుకొనవలెను. పెద్ద సొమ్ము చేతులు మారునపుడు సివిలు వకీలుకు హక్కుపత్రములు చూపి, లిఖితపూర్వకముగా అభిప్రాయము పుచ్చుకొనవలెను. ఇదంతయు బయానా యిచ్చుటకు ముందే జరుగవలెను. ఇచ్చిన పిమ్మట లోపము బయటపడినను, ఆ సొమ్ము వదలుకొనలేక కన్నులు మూసికొని సంతకము చేసిన వారిని మేమెరుగుదుము.